మళ్ళీ తీయగలిగిన ఫొటోలే పోర్ట్‌ఫోలియోలో పెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది గుత్తి. బీకాం పూర్తయింది. రెండేళ్ళుగా ఫోనుతో కోట ఫొటోలు తీస్తున్నారు, చూసినవాళ్ళు మెచ్చుకుంటున్నారు. చేతిలో 70 వేల రూపాయలు ఉన్నాయి. ఏ కెమెరా కొనాలి, బెంగళూరు వెళ్ళి మూడు నెలల కోర్సు చేయాలా, పని ఇచ్చేవారికి చూపించడానికి పోర్ట్‌ఫోలియో ఎలా తయారు చేసుకోవాలి, అందులో ఎన్ని ఫొటోలు ఉండాలి, రెండేళ్ళలో సొంతంగా నిలబడగలనా అని అడిగారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. కోర్సుకు ఇప్పుడే డబ్బు కట్టకండి. వాడిన కెమెరా బాడీ (లెన్సు లేని కెమెరా) ఒకటి, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొనండి. మీ దగ్గరున్న డబ్బులో సగానికి మించి వీటికి పెట్టకండి. ఒక పెళ్ళిళ్ళ సీజను పాటు చేతినిండా పని ఉన్న ఫొటోగ్రాఫరు దగ్గర సహాయకుడిగా ఉండండి. దానితో పాటు, మీ ఇంటి నుంచి నడిచి వెళ్ళగలిగిన దూరంలో ఉన్న ఒకే ఒక్క విషయాన్ని ఆరు నెలలు తీయండి. పోర్ట్‌ఫోలియోలో 20 ఫొటోలు చాలు. ఆ ఇరవైలో ప్రతి ఒక్కటీ, రేపు ఎవరైనా పిలిచి అడిగితే మీరు మళ్ళీ తీయగలిగినదై ఉండాలి. ఈ చివరి మాట నాకు తలకెక్కడానికి దాదాపు పదేళ్ళు పట్టింది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

నేను పాతికేళ్ళుగా అనంతపురంలో ఈ పనిలో ఉన్నాను. ఫిల్ము రోజుల్లో ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు కడిగే కుర్రవాడిగా చేరి, తర్వాత పెళ్ళిళ్ళు, ఆ తర్వాత పట్టుచీరల వ్యాపారులకు క్యాటలాగులు తీసే దాకా వచ్చాను. 2008లో నేను తీసినవాటిలో అందరూ బాగున్నాయన్న 52 ఫొటోలను పెద్ద సైజులో ప్రింటు వేయించి, బెంగళూరులో ప్రకటనల పని చేసే ఒక పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయనది హిందూపురం వైపు. ప్రింట్లన్నీ బల్ల మీద పెట్టించి, ఒక్కొక్కటి తీసి చూస్తూ రెండు గుట్టలుగా వేయడం మొదలుపెట్టారు. ఒక గుట్టలో 41, ఇంకొక గుట్టలో 11 పడ్డాయి. పనికిరానివి పదకొండే ఉన్నాయి కదా అని లోపల సంతోషపడ్డాను. నిజానికి ఆయన ఎంచి పక్కన పెట్టినవి ఆ పదకొండే.

పెద్ద గుట్టలో అన్నిటికంటే పైన నాకు ప్రాణమైన ఫొటో ఉంది. మీ గుత్తి కోట మీద మెరుపు పడుతున్న దృశ్యం అది. ఆ రోజుల్లో మా స్టూడియో అద్దంలో ఏడాది పాటు వేలాడింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది మళ్ళా తీయమంటే తీస్తావా అప్పా?" అని అడిగారు. "అది ఆ రోజు అట్లా పడింది సార్" అన్నాను. "అదే కదా. ఇది దొరికింది. నువ్వు తీసినేటివి ఇవి" అని చిన్న గుట్టను నా వైపు జరిపారు. అందులో ఒక ముసలమ్మ గడపలో కూర్చుని చెనక్కాయలు వలుస్తున్న ఫొటో, చీర అంచు మడతల ఫొటో, కిటికీ పక్కన నిలబడిన పెళ్ళికూతురు, ఇలాంటివి ఉన్నాయి. వాటిని ఎవరూ నా ముందు గొప్పగా మెచ్చుకోలేదు. అయితే వాటిలో ప్రతిదాన్నీ ఏ వెలుగులో, ఏ లెన్సుతో, ఎందుకలా తీశానో నేను చెప్పగలను. పని ఇచ్చేవాడు కొనేది ఆ చెప్పగలగడాన్నే. మీ కోట మీద మెరుపు పడినందుకు అతను తన కూతురి పెళ్ళిని మీ చేతిలో పెట్టడు.

దొరికిన ఫొటోలను పారేయమని నేను అనడం లేదు. నా మెరుపు ఫొటో ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉంది. పోర్ట్‌ఫోలియోలో మాత్రం లేదు.

మీరు పంపిన వర్ణనను బట్టి మీ కోట ఫొటోలలో చాలా భాగం వానాకాలపు మబ్బుల మీద ఆధారపడినవే అనిపిస్తోంది. వాటిని దొరికిన స్థితి నుంచి తీసిన స్థితికి తెచ్చే దారి ఉంది. కొండ మీద మరాఠా సేనాని మురారిరావు గద్దె కనిపించేలా ఒక చోటు ఎంచుకోండి. వరసగా పన్నెండు ఆదివారాలు అదే చోటికి, అదే లెన్సుతో వెళ్ళండి. ఒక నోటుబుక్కులో తేదీ, గంట, సూర్యుడు ఎటు నుంచి వస్తున్నాడు, గాలిలో దుమ్ము ఉందా లేదా, కెమెరాలో పెట్టిన అంకెలు, ఇవన్నీ రాసుకోండి. సూర్యుడు పొడిచే చోటు ఏడాది పొడవునా ఈశాన్యానికీ ఆగ్నేయానికీ మధ్య జరుగుతూనే ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో పొద్దున వెలుగు పడిన గోడ మీద చలికాలంలో పడకపోవచ్చు. మూడు నెలలు గడిచేసరికి, "ఈ గోడకు మంచి వెలుగు కావాలంటే ఫలానా నెలలో ఫలానా గంటకు రావాలి" అని మీరు ఎవరికైనా చెప్పగలుగుతారు. అప్పుడు ఆ ఫొటో మీది.

ఇక కెమెరా విషయం. మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చాక పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే రకం) బాడీలను చాలామంది అమ్ముకుంటున్నారు. నేర్చుకునేవారికి ఇది మంచి కాలం. కెనాన్ అయినా నికాన్ అయినా తేడా లేదు. మీకు నేర్పే మనిషి ఏది వాడుతున్నాడో అదే కొనండి, లెన్సులు అడిగి తీసుకోవచ్చు. పాతది కొనేటప్పుడు చూడవలసినవి నాలుగైదు ఉన్నాయి. షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క అడగండి. తెల్లగోడను ఎఫ్ 16 దగ్గర (లెన్సు కంత బాగా చిన్నదయ్యే అంకె) ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, వెలుగును ఫొటోగా మార్చే సెన్సారు మీది దుమ్ము నల్లచుక్కలుగా బయటపడుతుంది. లెన్సులోకి ఒకవైపు నుంచి టార్చి వేసి రెండోవైపు నుంచి చూస్తే బూజు పట్టిందా లేదా తెలుస్తుంది. బూజు దారాలు కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. మిగిలిన డబ్బుతో రెండు మెమరీ కార్డులు, ఒక ఫ్లాష్, రెండు హార్డ్ డిస్కులు కొని, కొంత బస్సు ఛార్జీలకు, ప్రింట్లకు దాచుకోండి. ప్రింట్ల ఖర్చును మొదట్లో అందరూ మరిచిపోతారు.

50 మి.మీ. లెన్సే ఎందుకంటే, దానికి జూమ్ లేదు. దగ్గరకు కావాలంటే మీరే నడవాలి. అలా నడవడంలోనే ఎక్కడ నిలబడాలో కాళ్ళకు తెలుస్తుంది. పైగా ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది కాబట్టి మన పాత ఇళ్ళలోని చీకట్లో కూడా పని చేస్తుంది. మన దగ్గర ఆషాఢం గాలిలో లెన్సు మార్చడం మాత్రం సెన్సారుకు దుమ్ము పట్టించడమే. తప్పనిసరైతే కారులో కూర్చుని, కెమెరాను కిందికి వంచి మార్చండి. నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. రబ్బరు బ్లోయరు వాడండి.

నేర్చుకోవలసిన విద్య నిజానికి మూడు అంకెల మధ్య ఉంది: అపర్చర్ (లెన్సు కంత ఎంత తెరుచుకుంటుందో చెప్పే ఎఫ్ అంకె, చిన్నదైతే ఎక్కువ వెలుగు), షట్టర్ స్పీడు (ఎంతసేపు వెలుగు పడుతుందో), ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపుతుందో). దీని గురించి చెప్పే వీడియోలు వేలల్లో ఉన్నాయి కాబట్టి సిద్ధాంతం నేను చెప్పను. ధర్మవరంలో ఒక మగ్గం ఇంట్లో నేను గడిపిన ఒక ఉదయాన్ని చెబుతాను, మూడు అంకెలూ అందులోనే ఉన్నాయి.

గుంత మగ్గం. నేతగాడి కాళ్ళు గుంతలో, చేతులు మగ్గం మీద, తల పైన జాకార్డు అట్టలు (చీర డిజైను కోసం చిల్లులు కొట్టినవి). వెలుతురు వాకిలి నుంచి ఒకవైపే వస్తోంది, నెత్తి మీద ఒక ట్యూబులైటు. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 1600, సెకనులో 60వ వంతు అని లెక్క తేలింది. అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది కదా, అది స్పష్టంగా రావాలని షట్టరును 500వ వంతుకు పెంచాను. అంటే వెలుగు మూడు మెట్లు తగ్గింది, ఒక్కొక్క మెట్టుకూ సగమవుతుంది; దాన్ని సరిదిద్దడానికి ఐఎస్ఓ 12,800కు పోయింది. ఫొటో నిండా ఇసుక చల్లినట్టు మచ్చలు. అదీకాక ఫొటోకు అడ్డంగా చారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాతరకం ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. కంటికి అది తెలియదు, 500వ వంతు షట్టరుకు తెలుస్తుంది. ఇవన్నీ ఒక ఎత్తు, అసలు లోపం ఇంకొకటి. నాడె గాలిలో ఆగిపోయి కనిపించింది. మగ్గం ఆగిపోయినట్టు, ఆయన ఫొటో కోసం కూర్చున్నట్టు ఉంది.

తర్వాత 15వ వంతుకు దించాను. ఆయన ఒళ్ళు ఊగుతుంది కాబట్టి ముఖం కూడా చెదిరిపోయింది. చివరికి 30వ వంతు దగ్గర, ఐఎస్ఓ 800తో, నేను గోడకు వీపు ఆనించి, మోచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి తీసినప్పుడు ముఖం నిలిచింది, చేయి కొంచెం చెదిరింది, నాడె ఒక తెల్లటి గీతగా వచ్చింది. అదీ నేత. ఒక అంకెను కదిలిస్తే మిగతా రెండూ ఎందుకు కదులుతాయో, వాటిలో దేన్ని దేనికోసం వదులుకోవాలో ఆ ఒక్క ఉదయంలో నాకు తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

రంగు గొడవ అప్పటికీ తీరలేదు. వాకిలి వెలుగు ఒక రంగు, ట్యూబులైటు వెలుగు ఒక రంగు. ముఖంలో ఒక చెంప మామూలుగా, ఇంకొక చెంప ఆకుపచ్చగా వచ్చింది. ట్యూబులైటు ఆర్పమని అడిగాను. "ఆర్పితే నాకు పోగు కనపడదు సామీ" అన్నాడాయన. నా ఫొటో కోసం ఆయన నేతలో పోగు తప్పితే నష్టం ఎవరిది? అందుకని పదిన్నర దాకా ఊరికే కూర్చున్నాను. ఎండ వాకిట్లోకి వచ్చి నేల మీద పడి లోపలికి తిరిగి కొట్టసాగింది. ఆయనే లేచి లైటు ఆర్పుకున్నాడు. రెండో చెంప నల్లబడకుండా ఎదురుగోడకు ఒక తెల్ల పంచె కట్టాను. ఆ ఫొటో ఈనాటికీ నా పోర్ట్‌ఫోలియోలో మూడోది. మళ్ళీ తీయమంటే ఎన్ని గంటలకు వెళ్ళాలో, ఏం తీసుకువెళ్ళాలో నాకు తెలుసు.

నిమ్మలకుంట తోలుబొమ్మలను తీసినప్పుడూ ఇదే పాఠం తిరగబడి వచ్చింది. 2020 పద్మశ్రీ పురస్కారానికి ఎంపికైన దళవాయి చలపతిరావు గారి ఊరు అది. బొమ్మకు వెనుక నుంచి వెలుగు వస్తేనే దానికి ప్రాణం. ముందు నుంచి ఫ్లాష్ వేస్తే తోలు ముక్కే మిగులుతుంది. చుట్టూ చీకటిని చూసి కెమెరా మోసపోయి తెరను తెల్లగా మాడ్చేస్తుంది కాబట్టి వెలుగు లెక్కను తెరను చూసి కట్టి, గదిని చీకటిగానే వదిలేయాలి. లేపాక్షి నాట్యమంటపం పైకప్పు చిత్రాలకు ఫ్లాష్ అసలే వద్దు. పురావస్తు శాఖ కట్టడాలలో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి. నేను తువ్వాలు మడిచి నేల మీద పరిచి, కెమెరాను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు సెకన్ల టైమరు పెట్టి తీస్తాను. కెమెరా కదలదు కాబట్టి ఐఎస్ఓ 100 చాలు.

ఎండ గురించి ఒక మాట. అనంతపురం ఎండను అందరూ తిడతారు, నేర్చుకునేవాడికి మాత్రం అది స్థిరమైన గురువు. మబ్బులేని మధ్యాహ్నం ఐఎస్ఓ 100, ఎఫ్ 16, సెకనులో 100వ వంతు పెట్టి, కెమెరాలో వెలుగు కొలిచే మీటరు చూడకుండా తీసి చూడండి. దాదాపు సరిగ్గా వస్తుంది. ఆ వెలుగులో మనుషుల ముఖాలు మాత్రం తీయకండి, కళ్ళు గుంటల్లాగా నల్లబడతాయి. గడప లోపలికి ఒక అడుగు వేయించి, వాకిలి వైపు తిప్పి నిలబెడితే అదే ఎండ మెత్తబడి ముఖం మీదికి వస్తుంది. నేను స్టూడియో లైట్లు కొనకముందు నాలుగేళ్ళ పాటు గడపే నా స్టూడియో.

రా ఫైళ్ళలోనే (సెన్సారు చూసినదంతా కుదించకుండా దాచే ఫైళ్ళు) తీయండి. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. దీని విలువ చీరలు తీసేటప్పుడు తెలుస్తుంది. మిరపపండు ఎరుపు పట్టుచీరను తీస్తే, కెమెరా వెనుక కనిపించే మామూలు హిస్టోగ్రామ్ (ఎడమ చీకటి, కుడి వెలుగు చూపే పటం) అంతా బాగుందనే చెబుతుంది, లోపల ఎరుపు ఒక్కటి మాత్రం కుడిగోడకు తగిలి పగిలిపోయి ఉంటుంది. చీరలో నేత కనిపించదు, ఎర్రరంగు పూసిన అట్టలా ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూసి, ఎక్స్‌పోజరును మూడింట రెండు వంతుల మెట్టు తగ్గించండి. జరీకి చిన్న లైటు వద్దు, చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. పెద్ద తెల్లగుడ్డ గుండా వచ్చే వెలుగు కావాలి. మొదటి ఫొటోలో ఒక బూడిదరంగు కార్డు పెట్టి తీసుకుంటే రంగు సరిచేయడం తేలిక. ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే వ్యాపారికి అందమైన ఫొటో కన్నా రంగు నిజంగా ఉన్న ఫొటో ముఖ్యం, ఎందుకంటే రంగు తేడా వస్తే చీర వెనక్కి వస్తుంది. ధర్మవరంలో ఇంత వ్యాపారం జరుగుతుండగా మన కుర్రవాళ్ళు అందరూ పెళ్ళిళ్ళ మీదే పడటం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

ఎడిటింగ్ దగ్గర నాకొక పట్టుదల ఉంది, చెప్పకుండా ఉండలేను. చామనఛాయ అమ్మాయిని సున్నం కొట్టినట్టు తెల్లగా చేసి ఆల్బంలో పెట్టే అలవాటు మన స్టూడియోలలో పాతుకుపోయింది. నేనూ కొన్నేళ్ళు చేశాను, కస్టమర్లే అడుగుతారన్నది మా సాకు. ఒక పెళ్ళికూతురు తన ఆల్బం చూసుకుని "ఇందులో నేను లేను కదన్నా" అన్న రోజు నుంచి మానేశాను. పోర్ట్‌ఫోలియోలో అలాంటి ముఖం ఒక్కటి కనిపించినా, పని తెలిసినవాడు తక్కినవి చూడడు.

కోర్సు ఎందుకు వద్దన్నానంటే, మూడు నెలల్లో వాళ్ళు చెప్పేది మీరు ఇంట్లో నేర్చుకోగలరు. వాళ్ళు చెప్పలేనిది పెళ్ళి మంటపంలో నేర్చుకుంటారు. అడ్డుతెర తొలగి, జీలకర్ర బెల్లం పెట్టే ఆ కొద్ది క్షణాల్లో అయ్యవారి చేయి, మేనమామ భుజం, వీడియో వాళ్ళ లైటు, ఇవన్నీ దాటి ఎక్కడ నిలబడాలో ఏ తరగతి గదీ చెప్పదు. గులాబీరంగు షామియానా కింద ఫ్లాష్‌ను పైకి తిప్పి కొడితే పెళ్ళివారంతా గులాబీరంగులో వస్తారని నేను మొదటి పెళ్ళిలోనే తెలుసుకున్నాను, ఆలస్యంగా. అక్కడ ఫ్లాష్‌కు తెల్లకార్డు కట్టి ముందుకు మళ్ళించాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, ఈ మూడు నెలలు బ్యాగులు మోయండి. జీతం గురించి బేరమాడకండి, ప్రతి పెళ్ళిలో ఒక గంట మీ సొంత ఫొటోలు తీసుకునే వీలు మాత్రం అడగండి. మీ తమ్ముడో చెల్లెలో ఇంటర్‌లో ఉండి దీన్నే చదువుగా తీసుకోవాలనుకుంటే అది వేరే విషయం. హైదరాబాదు జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం) ఫొటోగ్రఫీలో డిగ్రీయే ఉంది.

అభ్యాసానికి ఒక పద్ధతి చెబుతాను. ఫిల్ము రీలులో 36 ఫొటోలు ఉండేవి. వారంలో ఒక రోజు, కెమెరా వెనుక తెరకు నల్లటేపు అంటించి, 36 మాత్రమే తీసి ఇంటికి రండి. తీయకముందే ఆలోచించడం అలవాటవుతుంది. మిగతా ఆరు రోజులు ఎన్నైనా తీసుకోండి.

పోర్ట్‌ఫోలియో కూర్పు. అన్ని రకాలూ చూపిస్తే అన్ని పనులూ వస్తాయన్నది మొదట్లో అందరికీ ఉండే భ్రమ. చీరల వ్యాపారికి పసిపాపల ఫొటోలు చూపిస్తే అతనికి మీ మీద నమ్మకం తగ్గుతుందే తప్ప పెరగదు. మూడు వరసలు పెట్టుకోండి, ఒక్కొక్క వరసలో ఆరేడు ఫొటోలు. వెళ్ళే చోటును బట్టి ఏ వరస ముందుండాలో మార్చుకోండి.

నా దగ్గర నేర్చుకున్న తాడిపత్రి అమ్మాయి ఒకరు ఒక సీజనంతా అనంతపురం చీనీకాయల (బత్తాయిల) మార్కెట్ తప్ప వేరేది తీయలేదు. తెల్లవారకముందే వెళ్ళేది. గుట్టలు పోయడం, వేలం పాడటం, కాయను చేతిలో తిప్పి తొక్క మందం చూసే వ్యాపారి బొటనవేలు, అమ్ముడుపోని రైతు గుట్ట పక్కనే కూర్చుని తాగే టీ, ఇలా మొత్తం 14 ఫొటోలు. వాటిలో ఒక్కటి కూడా విడిగా చూస్తే ఆహా అనిపించేది కాదు. పద్నాలుగూ వరసగా చూసిన ఒక వ్యవసాయ పరికరాల కంపెనీవాళ్ళు తమ ఏడాది క్యాలెండరు పని ఆమెకు ఇచ్చారు. ఏ ఊరి మార్కెట్‌కు పంపినా ఇదే పని చేసుకొస్తుందని వాళ్ళకు ఆ వరస చెప్పింది.

ఎంపికను స్నేహితులకు అప్పగించకండి, వాళ్ళు మిమ్మల్ని చూసి మెచ్చుకుంటారు. తోటి ఫొటోగ్రాఫర్లకూ వద్దు, వాళ్ళు లెన్సును చూస్తారు. నా ఫొటోలను చాలా ఏళ్ళుగా ఎంచిపెడుతున్నది ఒక కలర్ ల్యాబులో ప్రింట్లు కత్తిరించే ఆయన. లక్షల ఫొటోలు ఆయన చేతుల మీదుగా పోయాయి. ఏ ఫొటో దగ్గర కత్తెర ఆపి చూస్తాడో అది నాకు చాలు.

ఇంటర్నెట్‌లో పెట్టేవాటిని ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో (తెరలన్నీ మామూలుగా చూపే రంగుల పద్ధతి), పొడుగు వైపు 2,000 పిక్సెళ్ళకు కుదించి పెట్టండి. లేకపోతే కొన్ని ఫోన్లలో రంగులు పాలిపోతాయి. ముఖం మీద మీ పేరు పెద్ద అక్షరాలతో అచ్చు కొట్టకండి. ప్రింట్లు మాత్రం తప్పకుండా ఉండాలి, 8×12 అంగుళాలు, మ్యాట్ (మెరవని) కాగితం. కొట్టు గద్దె మీద కూర్చున్న వ్యాపారి ఫోనులో అయితే బొటనవేలితో తోసుకుంటూ పోతాడు; ప్రింటును చేతిలోకి తీసుకుంటాడు, పక్కనున్నవారికి ఇస్తాడు. ఆయన చేయి ఎక్కడ ఆగుతుందో గమనించండి. తర్వాతిసారి అదే మొదటి ఫొటో.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1957 కాపీరైటు చట్టంలోని 17వ సెక్షను ప్రకారం, ఒకరు అడిగి డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవారే. అంటే పెళ్ళి ఫొటోలు మీరు తీసినంతమాత్రాన మీవి కావు. అడ్వాన్సు తీసుకునే కాగితంలోనే, కొన్ని ఫొటోలను నా పని నమూనాలుగా చూపించుకుంటాను అన్న ఒక వాక్యం రాసి సంతకం చేయించుకోండి. సంతకం ఉన్నా, పెట్టేముందు ఫొటో చూపించి మరోసారి అడగండి. ఒకసారి నేను అడగకుండా అద్దంలో పెట్టిన ఫొటో గురించి పెళ్ళికూతురి అన్న వచ్చి చాలాసేపు మౌనంగా నిలబడ్డాడు. నేనే తీసేశాను.

చివరిగా ఒక దెబ్బ గురించి చెప్పాలి, మీకు తగలకూడదని. తెల్లవారుజామున ముహూర్తం, పల్లెలో పెళ్ళి. కెమెరాలో ఒకే కార్డు, రాత్రి మొదలుపెట్టినప్పటి నుంచి అదే. ఇంటికి వచ్చి కంప్యూటరులో పెడితే తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేరుతో చాలావరకు బయటికి తీయగలిగాను, నలభై నిమిషాలు మాత్రం పోయాయి. తలంబ్రాలు అందులోనే ఉన్నాయి. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి ఉన్నమాట చెప్పి, తీసుకున్న డబ్బు వెనక్కి పెట్టి, తలంబ్రాలు మళ్ళీ పోయించి తీస్తానని అడిగాను. పెళ్ళికూతురి నాయన నా ముఖం వైపు ఒకసారి చూసి, డబ్బు ముట్టుకోకుండా లోపలికి వెళ్ళిపోయారు. మళ్ళీ తీయగలిగిన ఫొటోల గురించి ఇంతసేపు చెప్పిన నాకు, మళ్ళీ తీయలేనివి కూడా ఉంటాయని ఆ వాకిట్లో తెలిసింది. అప్పటి నుంచి ముహూర్తానికి ముందు కార్డు మారుస్తాను, రెండు కార్డులకు ఒకేసారి రాసే బాడీ వాడుతున్నాను, రెండు డిస్కుల్లోకి నకలు పోయేవరకు ఏ కార్డునూ ఖాళీ చేయను. మీ మొదటి కెమెరాలో కార్డుకు ఒకే చోటు ఉండవచ్చు. అయితే చిన్న కార్డులు రెండు పెట్టుకుని మధ్యలో మార్చండి.

రెండేళ్ళలో నిలబడగలరా అంటే, మొదటి ఏడాది ఆదాయాన్ని ఇంటి ఖర్చు లెక్కలో చేర్చకుండా ఉండగలిగితే నిలబడగలరనే నా అంచనా. ఆషాఢంలో మాకు ముహూర్తాలు ఉండవు, నేను అనంతపురంలోనే ఉంటాను. అప్పటికి మీ దగ్గర కొన్ని ప్రింట్లు తయారైతే తీసుకురండి, బల్ల మీద వేసి చూద్దాం. చిన్న గుట్టను చూసి మాత్రం కంగారు పడకండి.